నోటి మాట మీద ఇల్లు తీసుకుంటున్నారా? ముందు కరెంటు మీటర్ చూడండి

మే నెలాఖరు వచ్చిందంటే బెంగళూరులో ఇళ్లు మారే హడావిడి. మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఓనర్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు, అందుకే "మనవాళ్లే కదా, అగ్రిమెంట్ తర్వాత చూద్దాం" అనుకుని అడ్వాన్స్ కట్టేసి సామాను దించేస్తాం. ఏడాది లోపు అద్దెకైతే నోటి ఒప్పందం చెల్లుతుంది, తాళాలు చేతికి వస్తే చాలు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఆ వీలుంది. కానీ పాత బాకీ ఎవరు కట్టాలన్న గొడవ వచ్చినప్పుడు ఎవరేమన్నారో చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కరెంటు బాకీ మీటర్‌ని పట్టుకుని ఉంటుంది. ముందున్న వాళ్లు మూడు నెలలు కట్టకుండా వెళ్లిపోయినా బెస్కామ్ (బెంగళూరుకి కరెంటు ఇచ్చే సంస్థ) వాళ్లు చూసేది ఆ కనెక్షన్‌నే. 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది, నిజమే, కానీ ఆ నోటీసు వెళ్లేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లకి, అంటే ఓనర్‌కి. చీకట్లో కూర్చునేది మాత్రం మీరు.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ ఇంటి చివరి కరెంటు బిల్లు అడగండి. దాని మీద ఆర్‌ఆర్ నంబర్ (కనెక్షన్‌కి ఇచ్చే నంబర్), అకౌంట్ ఐడీ, పాత రీడింగ్, కొత్త రీడింగ్, బాకీ ఉంటే అదీ కనిపిస్తాయి. అకౌంట్ ఐడీని ఫోన్‌పేలో కొట్టి చూస్తే ఎంత కట్టాలో అక్కడే తెలిసిపోతుంది. ఓనర్ బిల్లు చూపించడానికి నసుగుతుంటే నేనైతే ఆ ఇల్లు వదిలేస్తాను.

తాళాలు తీసుకున్న రోజే మీటర్ అంకెలు స్పష్టంగా కనబడేలా ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. ఇలా రాస్తే చాలు: "అన్నా, ఈరోజు జూన్ 1, తాళాలు తీసుకున్నాం. రీడింగ్ 4318. దీనికి ముందుది మీరు చూసుకోండి, ఇక్కడి నుంచి మేం కడతాం. అడ్వాన్స్ లక్షన్నర ఫోన్‌పే చేశాను." ఆయన "సరే" అని ఒక్క ముక్క పెట్టినా అది సాక్ష్యమే. మొహమాటం పడకండి, లక్షన్నర ఊరికే రాలేదు.

బిల్లు డబ్బు ఓనర్ చేతికి నగదుగా ఇవ్వకండి. ఆయన తీసుకుని కట్టకపోతే ఫ్యూజు తీసేది మీ ఇంటికే. సొంత మీటర్ ఉంటే మీరే నేరుగా కట్టి రసీదు దాచుకోండి. సబ్ మీటర్ (మెయిన్ మీటర్ కింద ఒక్కో పోర్షన్‌కి ఓనర్ పెట్టే చిన్న మీటర్) ఉన్న ఇళ్లలో యూనిట్‌కి ఎంత తీసుకుంటారో ముందే అడగాలి, మెయిన్ మీటర్ బిల్లు ప్రతి నెలా చూపించమనాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇళ్లకు శ్లాబులు తీసేసి యూనిట్‌కి ఒకే రేటు పెట్టారు, దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, పన్ను లాంటివి వస్తాయి. ఓనర్ చెప్పే రేటు సబబో కాదో ఆ బిల్లు చూస్తే లెక్క తేలిపోతుంది.

నీళ్ల సంగతి కూడా అడగండి. కావేరి నీళ్ల బిల్లు మనిషికింతా, ఇంటికింతా? ట్యాంకర్ తెప్పిస్తే ఎవరి ఖర్చు? 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఊరంతా ఎగబడింది, అలాంటి నెలల్లో ఈ ఖర్చు చాలా పెరుగుతుంది.

ఖాళీ చేసేటప్పుడు టెన్షన్ అంతా అడ్వాన్స్ దగ్గరే. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలు, దాంతోపాటు "కరెంటు బాకీ" అని మరికొంత కోస్తారు. చివరి రోజు కూడా రీడింగ్ ఫోటో తీసి, అప్పటివరకు అయిన యూనిట్లకు లెక్కగట్టి, ఆ మొత్తం కూడా వాట్సాప్‌లోనే ఒప్పించుకున్నాక తాళాలు ఇవ్వండి. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఆ మీటర్‌కి మీ ఆధార్ లింక్ చేసి ఉంటే, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్ సేవాసింధులో డీలింక్ చేయించడం మర్చిపోవద్దు, లేకపోతే కొత్త ఇంట్లో ఆ పథకం కోసం మళ్లీ తిరగాల్సి వస్తుంది.