శిలీంధ్రం వదిలే ఎంజైమ్‌ల పనిని పెట్రీ ప్లేటులో చూడటం ఎలా?

మొక్కలకు తెగులు తెచ్చే శిలీంధ్రానికి నోరూ లేదు, కడుపూ లేదు. అది ఎంజైమ్‌లను బయటికి వదిలి, కణకవచంలోని (మొక్క కణం చుట్టూ ఉండే గోడలోని) పెక్టిన్, సెల్యులోజ్ వంటి పొడవాటి గొలుసులను అక్కడే చిన్న చక్కెరలుగా తెంచి, తన తంతువులతో పీల్చుకుంటుంది. ఈ జీర్ణక్రియ జాడను కొద్ది రోజుల్లోనే కంటితో చూడవచ్చు.

లీటరు నీటికి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (నీటిలో కరిగేలా మార్చిన సెల్యులోజ్) 10 గ్రాములు, అగార్ (మాధ్యమాన్ని గడ్డకట్టించే పొడి) 15 గ్రాములు, సోడియం నైట్రేట్ 2 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము కావాలి. సెల్యులోజ్ పొడిని ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కట్టి ఒక పట్టాన కరగదు కనుక, నీటిని గిరగిరా తిప్పుతూ కొద్దికొద్దిగా చల్లాలి. 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి (అధిక పీడన ఆవిరితో సూక్ష్మజీవులను చంపి) ప్లేట్లలో పోయాలి. ఇదే మాధ్యమానికి 2 శాతం గ్లూకోజ్ చేర్చిన ప్లేట్లు కూడా కొన్ని సిద్ధం చేయాలి. తొందరలో చాలామంది వదిలేసేది వీటినే, కానీ నా దృష్టిలో ప్రయోగానికి ప్రాణం ఇవే.

బూడిదరంగు బూజు తెగులు తెచ్చే బోట్రైటిస్ వంటి శిలీంధ్రం చురుగ్గా పెరుగుతున్న అంచు నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కను తీసి ప్లేటు నడుమ ఉంచి, 20 నుంచి 25 డిగ్రీల మధ్య పెంచాలి. కాలనీ ప్లేటు అంచును తాకకముందే ఆపాలి, ఎందుకంటే ప్లేటంతా కప్పేశాక, ఎంజైమ్ పనిని చూపే వలయం కనబడే చోటే మిగలదు. అప్పుడు చేతి తొడుగులు వేసుకుని 0.1 శాతం కాంగో రెడ్ అనే ఎర్ర రంగు ద్రావణాన్ని ప్లేటులో పోసి 15 నిమిషాలు ఉంచి, పారబోసి, 1 మోలార్ ఉప్పునీటితో (లీటరుకు సుమారు 58 గ్రాముల ఉప్పు) మరో 15 నిమిషాలు కడగాలి. రంగు పొడవాటి గొలుసులనే పట్టుకుంటుంది గనుక, ఎంజైమ్ తెంచిన మేర ఎర్రని నేలపై లేతరంగు వలయం తేలుతుంది. ప్లేటు మరీ ఆమ్లంగా మారితే కాంగో రెడ్ నీలంగా మారుతుంది. దాన్ని వలయంగా పొరబడకూడదు.

గ్లూకోజ్ ఉన్న ప్లేటులో శిలీంధ్రం ఏపుగా పెరిగినా వలయం చిన్నదిగా ఉండటమో, అసలు లేకపోవటమో సాధారణం. సిద్ధంగా చక్కెర దొరుకుతున్నంతసేపు గొలుసులు తెంచే ఎంజైమ్‌ల జన్యువులను శిలీంధ్రం అణచి ఉంచుతుంది.

సెల్యులోజ్‌కు బదులు పెక్టిన్ కలిపిన ప్లేట్లలో రంగుకు బదులు 1 శాతం సీటాబ్ (సబ్బు లాంటి ఒక రసాయనం) ద్రావణం పోస్తే, తెగని పెక్టిన్ తెల్లగా గడ్డకట్టి, తెగిన చోటు తేటగా నిలుస్తుంది. పెక్టిన్‌ను తెంచే ఎంజైమ్‌లలో పీహెచ్ 5 వద్ద పాలీగెలాక్టురొనేజ్‌లు, కాల్షియం కలిపి పీహెచ్ 8 వద్ద ఉంచితే పెక్టేట్ లయేజ్‌లు చురుగ్గా ఉంటాయి కాబట్టి రెండింటికీ వేర్వేరు ప్లేట్లు పెట్టడం మేలు.

వలయం పెద్దదైనంత మాత్రాన తెగులు తీవ్రమని చెప్పలేము. చచ్చిన ఆకులపై బతికే శిలీంధ్రాలూ సెల్యులేజ్‌లను (సెల్యులోజ్‌ను తెంచే ఎంజైమ్‌లను) ధారాళంగా వదులుతాయి. బతికున్న కణంలోకి హాస్టోరియాలు అనే పీల్చే కొమ్మలు చొప్పించి ఆహారం లాగే తుప్పు తెగులు శిలీంధ్రాలకైతే ఈ పరీక్ష పనికిరాదు, అవి ఇలాంటి ప్లేటుపై పెరగవు. చూడటం పూర్తయ్యాక ప్లేట్లన్నింటినీ మళ్లీ ఆటోక్లేవ్ చేసి, కాంగో రెడ్ కలిసిన ద్రవాన్ని సింకులో పోయకుండా రసాయన వ్యర్థంగా వేరుచేయాలి.