ఇంట్లోనే స్పీచ్ థెరపీ – 4వ పాఠం: క్రిస్మస్ కొమ్మతో ‘క’ పలికిద్దాం

పోయిన పాఠంలో ‘క’ శబ్దాన్ని విడిగా పలికించి, ఆ తర్వాత కా, కో, కూ దాకా వచ్చాం. మీ బాబు పదిసార్లు అంటే ఎనిమిదిసార్లయినా ‘తా’ అనకుండా ‘కా’ అంటుంటేనే ఈ పాఠంలోకి రండి, లేదంటే ఇంకో వారం అక్కడే ఉండండి, టెన్షన్ ఏమీ లేదు, క్రిస్మస్ దాటితే సంక్రాంతి ఉంది. కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట: ‘క’ బదులు ‘త’ అనడం చిన్నపిల్లల్లో మామూలే, 4 ఏళ్లు దాటినా పోకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. ఈ పాఠాలు దానికి తోడు, దాని బదులు కాదు.

ఇప్పుడు పదాలు. డిసెంబర్ వచ్చిందంటే మన విశాఖలో జ్ఞానాపురం వైపు ఇళ్ల ముందు స్టార్లు వేలాడతాయి, షాపుల్లో ప్లమ్ కేకులు పేరుస్తారు, పిల్లల ధ్యాసంతా వాటి మీదే. ఆ ధ్యాస మనకి ఉచితంగా దొరికిన సరుకు. కానీ చాలామంది దీన్ని ఎక్కడ పాడుచేస్తారంటే, వీడియో చూసి కాగితం స్టార్ చేయించడం మొదలుపెడతారు, కత్తిరించడం, జిగురు, చెమ్కీలు, అరగంట తిరిగేసరికి స్టార్ అయితే చక్కగా వస్తుంది, పిల్లాడి నోట ‘క’ మాత్రం రెండుసార్లు వస్తుంది. అది క్రాఫ్ట్ క్లాసు. థెరపీలో ముందు శబ్దం, ఆ శబ్దం కోసం ఆట, అలంకారం చివర్న.

అందుకే ఈ వారం మన ఆట సరుగుడు కొమ్మ. బకెట్‌లో ఇసుక పోసి కొమ్మ నిలబెట్టండి. చిన్న గంటలు, రంగు కాగితాల స్టార్లు, ఏవైనా దారాలు కట్టి మీ ఒళ్లో ఉంచుకోండి, పిల్లాడి చేతికి ఇవ్వొద్దు. ఒక్కోటి తీసి చూపించి ఆగండి. వాడు ‘కట్టు’ అనాలి, మీరు కట్టాలి. పది గంటలుంటే పది ‘కట్టు’లు, తర్వాత మీరు పొరపాటున అన్నట్టు బకెట్‌కి కట్టబోతే ‘కాదు, కొమ్మకి!’ అని వాడే అరుస్తాడు, అందులో ఇంకో మూడు ‘క’లు ఉచితం. ఆగడం అన్నాను కదా, అది అన్నిటికంటే కష్టం. మనసులో అయిదు లెక్కపెట్టేదాకా నోరు మెదపకండి. ‘అను నాన్నా, అను’ అని వెంటపడితే ఉన్న మాట కూడా లోపలికి పోతుంది.

వాడు ‘తట్టు’ అన్నాడనుకోండి. ‘తప్పు, మళ్లీ చెప్పు’ అనొద్దు. గంటని మెల్లగా రెండుసార్లు తట్టి ఊరుకోండి. వాడు అడిగింది అదే కదా! మొదట నవ్వుతాడు, తర్వాత మీ మొహం చూస్తాడు, నాలుకని వెనక్కి లాగి ‘క్...కట్టు’ అంటాడు. ఒక శబ్దం మారితే అర్థం మారుతుందని వాడికి తెలిసేది ఇలాగే. కోట–తోట బొమ్మలతో కూడా ఇదే ఆడొచ్చు, స్టార్ ఏ బొమ్మ వెనక దాచామో వాడు చెప్పాలి.

మిగతా మాటల్లో పాక, మేక, కానుక, కాపరి తీసుకోండి. కేకు తేలికనుకుంటాం గానీ, ‘కే’ అన్నప్పుడు నాలుక కొంచెం ముందుకు జరుగుతుంది, ‘త’కి అలవాటుపడ్డ పిల్లాడికి అది జారుడు మెట్టు. ‘కో’, ‘కా’ మాటలయ్యాకే కేకు. క్రిస్మస్ తాతని ఈ వారానికి సెలవు పెట్టమనండి, పేరులో రెండు ‘త’లున్నాయి. ‘క్రిస్మస్’ అనే మాటకీ మార్కులు వేయకండి, క, ర కలిపి పలకడం చాలా పైమెట్టు. మొన్నటిదాకా ‘తిస్మస్’ అన్నవాడు ‘కిస్మస్’ అన్నాడంటే శభాష్ అనండి, అంతే.

కొవ్వొత్తుల సంగతి. ఊదిస్తే నోటికి బలం వచ్చి మాట వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లూ అంటారు, కొందరు థెరపిస్టులూ అంటారు. శబ్దాలు సరిచేయడానికి ఊదుడు పనికొస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. సరదాకి ఊదనివ్వండి, కానీ ముందు ‘కొవ్వొత్తి’ అన్నాకే. బ్యాటరీ కొవ్వొత్తి కొంటే లోపలి బటన్ సెల్ మూతకి స్క్రూ ఉందో లేదో చూసుకోండి, పిల్లాడు సెల్ మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీ ఇంట్లో పిల్లాడైతే సరే, వేరేవాళ్ల పిల్లలతో కూర్చునే థెరపిస్టులు మాత్రం క్రిస్మస్ ఆట ఆడించొచ్చా అని వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడగండి. వద్దంటే కొమ్మ అదే, కట్టేవి గాలిపటాలు.

ఇంటి పని: రోజూ పది నిమిషాలు, అంతకు మించొద్దు. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే సరిగ్గా వచ్చిన ‘క’కి ఒక గీత, ‘త’ అయిపోయినదానికి చుక్క. గీతలు చుక్కల్ని బాగా దాటేస్తే వచ్చే పాఠంలో వాక్యాలు మొదలుపెడదాం, మొదటిది ‘నాకు కేకు కావాలి’. లెక్కపెట్టి చూడండి, అందులో ‘క’లు నాలుగు.