గుర్రానికి ఈగల మందు ఎలా ఎంచుకోవాలి?

పశువుల మందుల దుకాణానికి వెళ్లి గుర్రానికి ఈగల మందు కావాలని అడిగితే, చాలాచోట్ల ఆవులకూ గేదెలకూ వాడే పిడుదుల మందునే చేతిలో పెడతారు. మన పల్లెల్లో పాడి పశువులతో పోలిస్తే గుర్రాలు చాలా తక్కువ కాబట్టి, ఇందులో దుకాణదారుణ్ణి తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ సీసా మీద అమిట్రాజ్ అన్న పేరు కనిపిస్తే దాన్ని అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయాలి. 12.5 శాతం ద్రావణంగా దొరికే ఈ మందు పాడి పశువుల మీది పిడుదులకు బాగా పనిచేస్తుంది కానీ, గుర్రం ఒంట్లోకి చేరితే పేగుల కదలికను మందగింపజేస్తుంది. అప్పుడు పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది, ఆ కడుపునొప్పి ప్రాణాల మీదికి తెస్తుంది. అందువల్ల గుర్రానికి వాడవచ్చని లేబుల్ మీద స్పష్టంగా లేని ఏ మందునూ పశువైద్యుణ్ణి అడగకుండా దాని ఒంటిమీద వేయకూడదు. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి పూయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ మందులోని ద్రావకాలను ఎవరూ జంతువుల చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని కలపలేదు.

ఆ జాగ్రత్త తీసుకున్నాక, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒకటి రెండు రోజులు గుర్రాన్ని శ్రద్ధగా గమనించాలి. అన్నిటినీ ఈగలు అనే పిలుస్తాం కానీ, ఏ పురుగు ఏ వేళలో ఒంటి మీద ఎక్కడ వాలుతోందో తెలియకపోతే ఎంత ఖరీదైన మందు కొన్నా సగం వృథా అవుతుంది.

కళ్ల చుట్టూ, పుండ్ల మీద గుంపుగా మూగేవి సాధారణంగా ఇంటి ఈగలు. ఇవి కుట్టవు, కన్నీటినీ రసినీ నాకుతాయి. అయితే హెబ్రోనీమా అనే పురుగు లార్వాలను పుండ్లలోకి చేర్చి, వాటిని నెలల తరబడి మానకుండా చేసేవి కూడా ఇవే. గుర్రం ఊరికే కాళ్లు నేలకేసి కొడుతూ ఉంటే దాని ముంగాళ్లను దగ్గరగా చూడాలి. అక్కడ వాలేది చూపుకు ఇంటి ఈగలాగే ఉంటుంది కానీ, తల ముందుకు సూదిలా పొడుచుకొచ్చిన తొండం ఉంటుంది. అది స్టోమాక్సిస్ అనే కుట్టే ఈగ. కొద్ది నిమిషాల్లో కడుపునిండా రక్తం తాగి, మిగతా కాలమంతా గోడల మీదా కంచెల మీదా విశ్రాంతి తీసుకుంటుంది. అందుకే గుర్రానికి ఎంత మందు కొట్టినా గుర్రపుశాలలో ఈ ఈగలు తగ్గినట్టు అనిపించదు.

జోరీగల సంగతి వేరు. ఇవి పెద్దవి, బలంగా ఎగురుతాయి, చర్మాన్ని కోసి రక్తం తాగుతాయి, పట్టపగలు ఎండలో తిరుగుతాయి, చెరువు గట్ల బురదలో పెరుగుతాయి. వానాకాలంలోనూ ఆ తరువాతి వారాల్లోనూ ఇవి ఎక్కువగా కనబడతాయి. ఇవి మోసుకొచ్చే సర్రా వ్యాధి గుర్రాలను చంపగలదు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో గుర్తించాడు. కాబట్టి జోరీగలున్న చోట గుర్రానికి జ్వరం వచ్చిపోతూ, పొట్ట కిందా కాళ్లకూ వాపు కనిపిస్తే మందు సీసాలు మార్చి చూడటం మానేసి వెంటనే రక్తపరీక్ష చేయించాలి. చివరగా, సాయంత్రం చీకటి పడే వేళా తెల్లవారుజామునా వచ్చే నుసుముల్లాంటి సన్నని పురుగులు ఉన్నాయి. వీటిని శాస్త్రజ్ఞులు క్యూలికాయిడ్స్ అంటారు. ఇవి కుట్టినప్పుడు కొన్ని గుర్రాలకు అలర్జీ వచ్చి, జూలూ తోక మొదలూ వెంట్రుకలు ఊడేదాకా గోడకు రుద్దుకుంటాయి.

ఇప్పుడు మందుల విషయానికి వద్దాం. గుర్రాల స్ప్రేలలో ఎక్కువగా కనిపించేవి పైరెత్రిన్లు, పైరెత్రాయిడ్లు. చామంతి జాతి పువ్వుల నుంచి తీసే పైరెత్రిన్లు పురుగును తక్షణమే పడగొడతాయి కానీ, ఎండలో కొద్ది గంటల్లోనే విచ్ఛిన్నమైపోతాయి. కాబట్టి సవారీకి బయలుదేరే ముందు కొట్టడానికి ఇవి చాలు, పగలంతా బయట మేసే గుర్రానికి చాలవు. వాటిని పోలిన కృత్రిమ రసాయనం పెర్మెత్రిన్ ఎండను ఎక్కువసేపు తట్టుకుంటుంది, కుట్టే ఈగలనూ నుసుములనూ దూరంగా ఉంచుతుంది. నేరుగా కొట్టడానికి సిద్ధంగా వచ్చే స్ప్రేలలో ఇది సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది, వీపు మీద చుక్కలుగా వేసే మందుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఒకదాని మోతాదును మరొకదానికి వాడితే చర్మం మండిపోతుంది. గుర్రపుశాలలో ఎలుకల కోసం పిల్లిని పెంచుతున్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లి కాలేయం పెర్మెత్రిన్‌ను విరగ్గొట్టలేదు కాబట్టి, తడి ఆరని గుర్రాన్ని రాసుకుపోయినా దానికి ముప్పే. ఈ మందులు చేపలకూ విషమే, కనుక బకెట్లను చెరువులో కడగకూడదు.

సిట్రోనెల్లా, వేపనూనె లాంటి మొక్కల నూనెల మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. అవి పనికిరావని అనను, కానీ వాటి ప్రభావం వాసన ఉన్నంతసేపే. చిక్కని నూనెను నేరుగా పూస్తే ఎండలో చర్మం బొబ్బలెక్కవచ్చు, సహజమైనదన్న ఒక్క కారణంతో ఏ నూనే చర్మానికి హాని చేయకుండా ఉండదు. మనుషులు దోమలకు పూసుకునే డీట్ గాఢంగా ఉంటే గుర్రపు చర్మానికి సరిపడదు, దాన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి. ఇక గొడ్లపాకలో వేపాకు పొగ వేసే అలవాటును మూసిన గుర్రపుశాలలోకి తేకూడదు. గుర్రం ఊపిరితిత్తులు దుమ్మునూ పొగనూ ఓర్చుకోలేవు, ఈగలు పోయినా దగ్గు మిగులుతుంది.

సీసా మీద ఇన్ని రోజులు పనిచేస్తుందని రాసిన మాటను నమ్మే ముందు, మీ గుర్రం రోజూ ఏం చేస్తుందో ఆలోచించాలి. ఉదయం పరుగెత్తి, చెమట పట్టి, నీళ్లు పోయించుకునే గుర్రానికి ఆ లెక్క ప్రతి స్నానంతో మళ్లీ మొదలవుతుంది. నీటితో కలిపిన మందు తేలిగ్గా ఆరుతుంది కానీ చెమటకు కొట్టుకుపోతుంది, నూనెతో కలిపినది నిలుస్తుంది కానీ దుమ్మును పట్టి ఉంచుతుంది. మట్టినేలలో తిరిగే గుర్రానికి నీటి మందును తరచుగా వాడటమే నాకు మేలనిపిస్తుంది. పందేల్లో పాల్గొనే గుర్రమైతే, పరీక్షల్లో పట్టుబడే పదార్థం ఏదైనా అందులో ఉందేమోనని శిక్షకుడూ వైద్యుడూ ముందే చూడాలి.

కొన్న మందును మొదట మెడ మీద అరచేయంత మేర పూసి, ఒక రోజు ఆగి, దద్దుర్లు గానీ వాపు గానీ లేవని చూసుకున్నాకే ఒళ్లంతా వాడాలి. దుమ్ము దులిపి బ్రష్ చేసిన ఒంటి మీదే మందు పట్టుకుంటుంది. ముఖానికి ఎప్పుడూ నేరుగా కొట్టకుండా, గుడ్డ మీద కొద్దిగా చల్లి, కళ్లకూ ముక్కురంధ్రాలకూ తగలకుండా తుడవాలి. జీను కిందా పట్టీ బిగిసే చోటా వేస్తే, వేడికీ రాపిడికీ చర్మం పుండవుతుంది. చప్పుడుకు బెదిరే గుర్రానికి కొన్ని రోజులు ఉత్త నీళ్లు చల్లి అలవాటు చేయడం సాయిసుకూ క్షేమం, గుర్రానికీ క్షేమం.

నిజానికి జోరీగల ముందు దాదాపు ఏ స్ప్రే అయినా బలహీనమే. అవి పైకప్పు కింది నీడలోకి అంతగా రావు కాబట్టి, ఎండ మండే వేళ గుర్రాన్ని లోపల ఉంచడమే మంచి మందు. చారల దుప్పట్లు కూడా కొంత పనిచేస్తాయి. 2019లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలో జీబ్రా చారల దుప్పటి కప్పిన గుర్రాల ఒంటి మీద జోరీగలు తక్కువగా వాలాయి, కప్పని తలల మీద మాత్రం మామూలుగానే వాలాయి. నుసుములు బలహీనంగా ఎగురుతాయి, అందువల్ల సాయంత్రం వేళ ఒక మంచి ఫ్యాను పెడితే చాలావరకు దరిచేరవు. కళ్లకు సన్నని జాలీ ముసుగు కడితే ఇంటి ఈగల బెడద తగ్గుతుంది, అయితే జాలీ కనురెప్పలకు తగలకూడదు, రోజూ విప్పి కళ్లను పరీక్షించాలి.

ఇంటి ఈగలూ కుట్టే ఈగలూ పుట్టేది మన గుర్రపుశాలలోనే, లద్దెలోనూ మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలోనూ. ఎండకాలంలో ఇంటి ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పది రోజులు కూడా పట్టదు. లద్దెనూ తడిగడ్డినీ రోజూ తీసి, శాలకు దూరంగా కుప్పపోసి కప్పి ఉంచే చోట మందు తక్కువసార్లు కొట్టవలసి వస్తుంది, ఈగలు మందుకు అలవాటుపడిపోయే ముప్పూ తగ్గుతుంది.