న్యూరోటిసిజం మీద సర్వేకి బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరులో ఎమ్మెస్సీ సైకాలజీ చదివే మన పిల్లలు ఆఖరి సెమిస్టర్‌లో ఎక్కువగా ఎంచుకునే టాపిక్‌లలో వ్యక్తిత్వానికీ మానసిక శ్రేయస్సుకీ ఉన్న సంబంధం ఒకటి. ప్రశ్నావళులు రెడీగా దొరుకుతాయి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. అందుకే తేలికైన పని అనుకుంటారు. కానీ మీరు అడగబోయేది ఏ సబ్బు వాడతారని కాదు, కారణం లేకుండా దిగులేస్తుందా అని. దెబ్బ తగిలితే ముందు తగిలేది మీ మార్కులకు కాదు, జవాబు చెప్పే మనిషికి.

న్యూరోసిస్, న్యూరోటిసిజం ఒకటి కాదు. ఇది గైడు సంతకం పెట్టకముందే తేల్చుకోండి. న్యూరోసిస్ పాత రోగనిర్ధారణ పేరు. 1980లో వచ్చిన డీఎస్ఎం-3 (అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ పుస్తకం మూడో కూర్పు) దాన్ని విడి విభాగంగా ఉంచలేదు. న్యూరోటిసిజం అందరిలోనూ ఎంతో కొంత ఉండే స్వభావ లక్షణం. కోస్టా, మెక్రే అనే అమెరికన్ సైకాలజిస్టులు దాన్ని ఆరు పాయలుగా విడదీశారు: ఆందోళన, కోపం, దిగులు, నలుగురిలో బిడియం, తొందరపాటు, ఒత్తిడికి తట్టుకోలేకపోవడం. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన అది జబ్బు కాదు. రిపోర్టులో "న్యూరోటిక్ ఉద్యోగులు" అని రాయకండి. ఫారం నింపాక "నాకెంత వచ్చిందండీ?" అని తప్పకుండా అడుగుతారు. ఇది పరిశోధన కోసమే, మీ గురించి తీర్పు చెప్పేది కాదు అని ముందే కన్సెంట్ ఫారంలో రాయండి, నోటితోనూ చెప్పండి.

ఎక్కువమంది చిక్కుకునేది ప్రశ్నల దగ్గర. న్యూరోటిసిజం స్కేలు మూడ్ తరచూ మారుతుందా, తేలిగ్గా బాధపడతారా అని అడుగుతుంది. పక్కనే పెట్టిన శ్రేయస్సు ప్రశ్నావళి కూడా కాస్త మాట మార్చి అదే అడుగుతుంది. ఒకే మనిషి ఒకే కూర్చోవడంలో ఒకే సంగతికి రెండుసార్లు జవాబిస్తే రెండింటికీ గట్టి సంబంధం కనబడక ఏమవుతుంది? అది కొత్త సంగతి కాదు, మీ కాగితాలే పుట్టించిన సంబంధం. రెండు ప్రశ్నావళులూ పక్కపక్కన పెట్టి కలిసిపోయే ప్రశ్నలకు గుర్తు పెట్టండి. వాటిని తీసేసి లెక్క మళ్లీ వేసి, రెండు ఫలితాలూ చూపించండి. న్యూరోటిసిజం ప్రతికూల భావాలతో, బహిర్ముఖత (నలుగురితో కలివిడిగా ఉండే స్వభావం) సంతోష భావాలతో ముడిపడి ఉంటాయని కోస్టా, మెక్రే 1980లోనే చూపించారు. కాబట్టి మీరు చెప్పగల కొత్త మాట ఎవరిలో, ఏ పరిస్థితిలో అన్నదే.

శ్రేయస్సును దేనితో కొలుస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. సైకాలజిస్టు డీనర్ బృందం 1985లో ఇచ్చిన అయిదు ప్రశ్నల స్కేలు జీవితం మీద తృప్తిని అడుగుతుంది. మరో సైకాలజిస్టు కరోల్ రిఫ్ 1989లో ఇచ్చిన నమూనాలో ఆరు కోణాలున్నాయి, వాటిలో స్వతంత్రత ఒకటి. ఉద్యోగం మారాలన్నా, పెళ్లి సంబంధం ఒప్పుకోవాలన్నా అమ్మానాన్నలను అడిగే అనంతపురం కుర్రాడికి ఇందులో తక్కువ రావచ్చు. అంతమాత్రాన అతను బాగాలేడని రాయడం అన్యాయం. ఆరింటినీ కలిపి ఒకే మొత్తంగా చూపకుండా విడివిడిగా చూపండి.

డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే శ్రేయస్సు ప్రశ్నావళి గత రెండు వారాల సంగతే అడుగుతుంది. సగంమంది సంక్రాంతికి ఊరెళ్లి రాగానే, మిగతా సగం అప్రైజల్ రోజుల్లో నింపితే మీరు కొలిచింది క్యాలెండర్‌ని. డేటా అంతా ఒకే కాలంలో తీసుకోండి.

ఇక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తెలుగు మాట్లాడుతూ, అక్షరాలు మాత్రం కన్నడంలోనే చదివేవాళ్లున్నారు. వాళ్లకు ప్రశ్నలు మీరే చదివి వినిపించాలి. అందరికీ ఒకే తీరుగా చదవండి, మీ వివరణలు కలపకండి.

పీజీ గదిలో ముగ్గురుంటే ఆ గదిలో ఫారం ఇవ్వకండి. పక్కమంచం మీదివాడు తొంగిచూస్తుంటే ఎవరూ నిజం రాయరు. కంపెనీలోకి హెచ్‌ఆర్ ద్వారా వెళ్తున్నారా? టీంలవారీ ఫలితాలు ఇవ్వబోమని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి, ఒప్పుకోకపోతే ఆ కంపెనీ వదిలేయండి. పేరు అడగకపోయినా వయసు, సొంత జిల్లా, టీం అడిగితే చాలు, మనిషెవరో తెలిసిపోతుంది. టీం మొత్తానికి కడప అమ్మాయి ఒక్కతే ఉంటే పేరు రాసినట్టే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఇది. కొందరు పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి కూడా జతచేస్తారు. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. పేరు లేని గూగుల్ ఫారంలో ఎవరైనా దానికి "దాదాపు ప్రతిరోజూ" అని పెడితే ఆ మనిషిని ఎలా పట్టుకుంటారు? ఆ ప్రశ్న ఉంటే సర్వే ఎదురుగా కూర్చుని చేయాలి, జవాబు అక్కడికక్కడే చూసుకోవాలి, గైడు ఫోన్ ఎత్తేలా ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే ఆ స్కేలు వద్దు. ఏ సర్వే అయినా చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో వేయండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి అత్యవసర విభాగం ఉందనీ రాయండి. ఎవరైనా మధ్యలో ఏడిస్తే ఫారం పక్కన పెట్టండి. ఆ ఫారం పూర్తికాకపోయినా ఫరవాలేదు.

రాసేటప్పుడు ఒక్కసారి తీసిన డేటాతో "ప్రభావం" అనకండి, "సంబంధం" అనండి. దిగులు వల్ల స్వభావం అలా కనబడిందో, స్వభావం వల్ల దిగులు వచ్చిందో మీ ఫారం చెప్పలేదు. పూర్వ పరిశోధనల సమీక్షలోనూ చూసి ఉదహరించండి. హాన్స్ ఐసెంక్ ఈ రంగంలో పెద్ద పేరే. కానీ కేన్సర్‌నీ గుండెజబ్బులనీ వ్యక్తిత్వంతో ముడిపెడుతూ గ్రోసార్త్-మాటిచెక్‌తో కలిసి రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని లండన్ కింగ్స్ కాలేజీ విచారణ 2019లో తేల్చింది. వాటిని ఇప్పటికీ సాక్ష్యంగా చూపే థీసిస్‌లనుంచి కాపీ చేసుకోకండి. ఆ సహరచయిత పేరు కనబడితే ఆగి, పత్రం స్థితి ఏమిటో జర్నల్ సైటులో చూసుకోండి.