33 దాటాక అమెరికా ఆర్మీ పైలట్ శిక్షణకు వయసు మినహాయింపు అడగడం ఎలా?

అమెరికా ఆర్మీలో హెలికాప్టర్ నడపాలంటే కాలేజీ డిగ్రీ తప్పనిసరి కాదు. వారంట్ ఆఫీసర్ ఫ్లైట్ ట్రైనింగ్ (వారంట్ ఆఫీసర్ అంటే ఒక సాంకేతిక పనిలో నిపుణుడైన అధికారి) అనే దారిలో హైస్కూల్ చదువుతోనే బయటి నుంచి నేరుగా చేరవచ్చు. అందుకే ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్లీ ఆకాశం వైపు చూసేవాళ్లు ఈ దారిలో ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లకు మొదట అడ్డొచ్చేది వయసు. అభ్యర్థులను ఎంపిక చేసే అధికారుల బృందం, అంటే సెలెక్షన్ బోర్డు, కూర్చునే నాటికి 33వ పుట్టినరోజు దాటకూడదు. దాటితే మినహాయింపు కావాలి. అక్కడ దాన్ని అందరూ 'ఏజ్ వేవర్' అనే అంటారు.

ముందుగా ఒక మాట. వేవర్ అంటే కనికరించమని పెట్టుకునే అర్జీ కాదు. దాన్ని చదివే అధికారి చూసేది ఒక్కటే: ఈ మనిషి మీద పెట్టే శిక్షణ ఖర్చుకు తగినన్ని సంవత్సరాల సేవ తిరిగి వస్తుందా, రాదా? 2020 అక్టోబరు నుంచి ఆర్మీ పైలట్లు శిక్షణ పూర్తయ్యాక 10 సంవత్సరాలు పనిచేయాలి. అంతకుముందు అది 6 సంవత్సరాలే. వయసు పరిమితి వెనుక ఉన్నది ఈ లెక్కే. కాబట్టి మీ కాగితాలన్నీ ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి.

మొదటి అడుగు: ఏ తేదీకి వయసు లెక్కిస్తారో తెలుసుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆర్మీలో బోర్డు తేదీకి వయసు చూస్తారు. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ శిక్షణ మొదలయ్యే తేదీకి చూస్తారు, అక్కడా పరిమితి 33. నేవీలో కమిషన్ (ఆఫీసరుగా నియామకం) పొందే నాటికి 32 దాటకూడదు. మీరు అప్లికేషన్ మీద సంతకం చేసిన రోజును ఎవరూ పట్టించుకోరు. 32 సంవత్సరాల 8 నెలల వయసులో "ఇంకా టైముంది" అనుకుని మొదలుపెట్టినవాళ్లు పరీక్ష, వైద్యం, సిఫారసు లేఖలు పూర్తయ్యేసరికి 33 దాటిపోతారు. కాబట్టి 32 నిండినవాళ్లంతా వేవర్ అవసరం పడుతుందనే అనుకుని సిద్ధపడడం మంచిది. అవసరం రాకపోతే నష్టమేమీ లేదు.

ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. ఆర్మీ పైలట్ల ఎంపికకు మూలమైన రెగ్యులేషన్ ఏఆర్ 611-110. దాని తాజా ప్రతిని, రాబోయే బోర్డు ప్రకటనను రిక్రూటర్‌ని అడిగి తీసుకుని మీరే చదవండి. నోటిమాటగా విన్న పరిమితిని నమ్ముకుని నెలలు పోగొట్టుకోకండి.

రెండో అడుగు: ఎంత దాటిందో రోజులతో సహా లెక్కకట్టండి

ఉదాహరణకు 1992 మార్చి 10న పుట్టినవారు 2026 సెప్టెంబరు 15 నాటి బోర్డుకు వెళ్తున్నారనుకుందాం. ఆ రోజుకు వయసు 34 సంవత్సరాల 6 నెలల 5 రోజులు. అంటే పరిమితిని 1 సంవత్సరం 6 నెలల 5 రోజులు దాటారు. ప్రాథమిక శిక్షణ, వారంట్ ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్, ఫ్లైట్ స్కూల్, మధ్యలో తరగతుల కోసం ఆగే కాలం అన్నీ కలిపి సుమారు రెండు సంవత్సరాలు వేసుకుంటే పైలట్ అయ్యేసరికి 36న్నర. పదేళ్ల సేవ ముగిసేసరికి 46న్నర. వేవర్ అడుగుతూ రాసే లేఖలో, అంటే మెమోలో, దాటిన రోజుల లెక్కతో పాటు ఈ చివరి అంకె కూడా ఉండాలి. 'సుమారు 34' అని రాస్తే అధికారి తనే లెక్క వేసుకోవాలి. ఆ పని ఆయనకు మిగల్చకండి.

మూడో అడుగు: వేవర్‌కు లొంగనివి ముందు పూర్తి చేయండి

వయసుకు మినహాయింపు ఉంది కానీ అన్నిటికీ లేదు. అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి, గ్రీన్‌కార్డు చాలదు. సైన్యంలో చేరేందుకు రాసే ఆస్వాబ్ పరీక్షలో జీటీ అనే సాధారణ సామర్థ్య స్కోరు కనీసం 110, పైలట్ల ఎంపిక పరీక్ష సిఫ్ట్‌లో కనీసం 40 రావాలి. ఈ రెండింటికీ సడలింపు ఉండదు.

సిఫ్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. స్కోరు 20 నుంచి 80 మధ్య వస్తుంది, సగటు 50. జీవితంలో రెండుసార్లే రాయనిస్తారు. అదీ మొదటిసారి 40 కంటే తక్కువ వస్తేనే, 45 రోజులు ఆగాక రెండో అవకాశం. 41 వచ్చిందనుకోండి, ఆ 41 మీకు శాశ్వతం. మెరుగుపరుచుకుంటామన్నా కుదరదు. వయసు దాటిన అభ్యర్థికి 41 పెద్ద గుదిబండ. అదే వయసులో 60 తెచ్చుకున్నవారి ఫైలు పూర్తిగా వేరేలా కనిపిస్తుంది. అందుకని "ఎలా ఉంటుందో చూసొద్దాం" అని వెళ్లి రాసే పరీక్ష కాదిది.

పరీక్షలో ఏడు భాగాలు. బొమ్మల్లో తేడా ఉన్నదాన్ని పట్టుకునే భాగంలో 2 నిమిషాల్లో 100 ప్రశ్నలు. గీతల చిక్కులో దాగిన ఆకారాన్ని వెతికే భాగంలో 5 నిమిషాల్లో 50. వీటిలో చాలామంది అన్నీ పూర్తిచేయలేరు, వేగం కోసమే పెట్టారు. విమానయాన పరిజ్ఞానం 30 నిమిషాల్లో 40 ప్రశ్నలు. కాక్‌పిట్ నుంచి కనిపించే దృశ్యాన్ని చూసి విమానం ఏ భంగిమలో ఉందో చెప్పేవి 10 నిమిషాల్లో 25. తర్వాత చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, మెకానిక్స్ వస్తాయి. లెక్కలు, మెకానిక్స్ భాగాల్లో మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టమో సులువో మారుతుంది. చదువు వదిలేసి పదేళ్లు దాటినవాళ్లు బీజగణితం, రేఖాగణితం మళ్లీ మొదటి నుంచి తిరగేయాలి. విమానయాన భాగానికి అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఉచితంగా ఇచ్చే హెలికాప్టర్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్ చాలా ఉపయోగపడుతుంది.

నాలుగో అడుగు: ఫ్లైట్ ఫిజికల్‌ను వెనక్కి నెట్టకండి

వేవర్లు ఆగిపోయేది ఎక్కువగా వైద్యం దగ్గరే. బయటి అభ్యర్థికి ముందు, సైన్యంలో చేరేవారిని పరీక్షించే మెప్స్ కేంద్రంలో మామూలు పరీక్ష జరుగుతుంది. తర్వాత సైనిక ఆసుపత్రిలో ఫ్లైట్ సర్జన్, అంటే పైలట్ల ఆరోగ్యం చూసే సైనిక డాక్టరు, చేసే ఫ్లైట్ ఫిజికల్ (పైలట్ల వైద్య పరీక్ష). ఆ కాగితాలు అలబామాలోని ఫోర్ట్ రకర్‌లో ఉన్న ఆర్మీ ఏరోమెడికల్ యాక్టివిటీకి వెళ్లి, అక్కడ 'క్వాలిఫైడ్' ముద్ర పడితేనే చెల్లుతాయి. మీ ఊళ్లో డాక్టరు "ఫిట్" అన్నంత మాత్రాన కాదు. అపాయింట్‌మెంట్ దొరకడం, ముద్ర పడడం కలిసి నెలలు పట్టవచ్చు.

వయసు పెరిగేకొద్దీ ఫైలులో తగిలే చిన్నచిన్న విషయాలు పెరుగుతాయి: రక్తపోటు, కొలెస్టరాల్, పాత మోకాలి ఆపరేషన్, ఎప్పుడో వాడిన నిద్రమాత్రలు. వీటిలో చాలావాటికి విడిగా వైద్య వేవర్ దొరుకుతుంది. కానీ వయసుకొకటి, వైద్యానికొకటి, పాత కేసుకొకటి అని మూడు మినహాయింపులు ఒకే ఫైలులో చేరితే ఆ ఫైలు బరువెక్కుతుంది. మీ తరఫున అడగాల్సింది వయసు ఒక్కటే మిగిలేలా చూసుకోండి. రక్తపోటు సరిహద్దులో ఉంటే ఆరు నెలల ముందే దారిలో పెట్టుకోండి. కంటి ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటే ఏ పద్ధతి చెల్లుతుందో, తర్వాత ఎంతకాలం ఆగాలో ఫ్లైట్ సర్జన్‌ని అడిగాకే చేయించుకోండి. ఆపరేషన్‌కు ముందరి కొలతల కాగితం భద్రంగా దాచండి. అది లేక ఆగిన ఫైళ్లు చాలా ఉన్నాయి.

దాచిపెట్టే ఆలోచన వద్దు. 2022 నుంచి మెప్స్‌లో జెనెసిస్ అనే వ్యవస్థ ద్వారా పాత వైద్య రికార్డులు, మందుల చీటీలు కనిపిస్తున్నాయి. చెప్పిన జబ్బుకు వేవర్ ఉండొచ్చు, దాచిన జబ్బుకు ఉండదు. సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారం విషయంలోనూ అంతే. ఇతర దేశాల్లో ఉన్న తల్లిదండ్రులు, తోబుట్టువులు, అక్కడి బ్యాంకు ఖాతాలు, ఆస్తులు అన్నీ రాయాలి. ఇండియాలో బంధువులున్నవాళ్లు ఈ వివరాలు ముందే పోగుచేసుకుంటే వారాలు కలిసొస్తాయి.

ఐదో అడుగు: సిఫారసు లేఖల్లో వయసు ప్రస్తావన ఉండాలి

"మంచివాడు, కష్టపడతాడు" అనే లేఖలు పది ఉన్నా ఒకటే. సీడబ్ల్యూ3 నుంచి సీడబ్ల్యూ5 వరకు, అంటే సీనియర్ వారంట్ ఆఫీసర్ స్థాయి ఆర్మీ పైలట్ ఒకరు మిమ్మల్ని స్వయంగా కలిసి, మాట్లాడి రాసిన లేఖకు విలువ ఎక్కువ. ఆ లేఖలో ఒక వాక్యమైనా వయసు గురించి నేరుగా ఉండాలి. ఈ అభ్యర్థి అనుభవం కాక్‌పిట్‌లో ఎలా పనికొస్తుందో ఆ పైలటే చెప్పాలి. పారామెడిక్, విమాన మెకానిక్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ లాంటి ఉద్యోగాలు చేసినవాళ్లకు ఇది తేలిక. మిగతావాళ్లు ఒత్తిడిలో నిర్ణయం తీసుకున్న సందర్భాలను ఆయనకు వివరంగా చెప్పాలి. ఇప్పటికే సైన్యంలో ఉన్నవాళ్లకు కంపెనీ కమాండర్, బెటాలియన్ కమాండర్ లేఖలు కూడా కావాలి.

ఆరో అడుగు: మెమో ఒక్క పేజీ

సైన్యంలో ఉన్నవాళ్లు డీఏ ఫారం 4187 (సిబ్బంది అభ్యర్థనలకు వాడే ఆర్మీ పత్రం) మీద, తమ కమాండర్ ద్వారా అడుగుతారు. ఎనిమిదేళ్లకు మించి యాక్టివ్ సర్వీసు ఉంటే దానికి వేరే వేవర్ కావాలని మరవకండి. బయటి అభ్యర్థుల ఫైలు రిక్రూటింగ్ కమాండ్ ద్వారా కదులుతుంది. రెండు దారుల్లోనూ అసలు ప్రాణం మెమోలో ఉంటుంది.

మొదటి వాక్యంలోనే ఏం అడుగుతున్నారో చెప్పండి: ఏ రెగ్యులేషన్, ఏ పేరా, ఏ బోర్డు, ఎంత దాటింది. రెండో పేరాలో ఇంతకాలం ఎందుకు దరఖాస్తు చేయలేదో రెండు వాక్యాల్లో. పౌరసత్వం ఆలస్యంగా వచ్చింది, వేరే ఉద్యోగ ఒప్పందం ఉంది, కుటుంబ బాధ్యత ఉంది. నిజం ఏదైతే అది, ఏడుపు లేకుండా. మూడో పేరాకు ఎక్కువ చోటివ్వండి: సిఫ్ట్ స్కోరు, జీటీ, ఫిట్‌నెస్ ఫలితం, ఫ్లైట్ ఫిజికల్ ముద్ర పడిన తేదీ, పౌర పైలట్ లైసెన్సు ఉంటే గంటలు. చివర పదేళ్ల లెక్క, ఎన్నో ఏట ఆ బాధ్యత పూర్తవుతుందో. "చిన్నప్పటి నుంచి నా కల" అన్న మాట మెమోలో వద్దు. అప్లికేషన్‌తో పాటు ఇచ్చే 'నేను ఆర్మీ పైలట్ ఎందుకు కావాలనుకుంటున్నాను' వ్యాసంలో దానికి చోటుంది.

ఏడో అడుగు: ఇచ్చాక వెంటపడండి

"వయసు దాటింది, కుదరదు" అని మొదటి ఫోన్‌లోనే చెప్పే రిక్రూటర్లు ఉంటారు. నిర్ణయించే అధికారం వాళ్లది కాదు, పంపే బాధ్యత మాత్రమే వాళ్లది. వారంట్ ఆఫీసర్ దరఖాస్తులు చేయించిన అనుభవం లేనివారైతే, ఆ అనుభవం ఉన్నవారి పేరు అడగండి, అవసరమైతే వేరే స్టేషన్‌కు వెళ్లండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ప్రతి దాచుకోండి, ఏ తేదీన ఎవరికి పంపారో రాసుకోండి. జవాబు వచ్చేలోగా ఫిజికల్ గడువు తీరిపోతే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఆ తేదీ మీద కన్నేసి ఉంచండి.

వేవర్ వచ్చిందంటే బోర్డు ముందుకు వెళ్లే అర్హత వచ్చిందని మాత్రమే. ఎంపిక అక్కడ విడిగా జరుగుతుంది. మిమ్మల్ని 24 ఏళ్లవారి పక్కనే పెట్టి చూస్తారు. ఉద్యోగానికి రాజీనామా, ఇల్లు ఖాళీ చేయడం లాంటివి ఎంపిక ఖరారై చేరే తేదీ చేతికి వచ్చాకే పెట్టుకోండి.

కాదన్నారనుకోండి, కారణం రాతపూర్వకంగా అడగండి. స్కోరో వైద్యమో కారణమైతే సరిచేసుకుని మళ్లీ అడగవచ్చు. వయసే కారణమైతే నేషనల్ గార్డ్ (రాష్ట్రాల స్థాయిలో ఉండే పార్ట్‌టైమ్ సైన్యం) వైపు చూడండి. అక్కడ యూనిట్ మిమ్మల్ని ముందు ఎంచుకుని, తర్వాత మీ తరఫున తనే వేవర్ అడుగుతుంది. యూనిట్‌కు వెళ్లి పైలట్లను కలిసి, శిక్షణ జరిగే డ్రిల్ వారాంతాల్లో కనిపిస్తూ ఉన్న అభ్యర్థికీ, ఈమెయిల్‌లో కాగితాలు పంపిన అభ్యర్థికీ అక్కడ చాలా తేడా ఉంటుంది. కాకపోతే ఖాళీ వచ్చే వరకు ఆగాలి, ఆగిన ప్రతి నెలా రెండో అడుగులోని లెక్కకు కలుస్తుంది.