మంచు ట్రెక్‌కు వెచ్చని, తడవని బూట్లు ఎలా ఎంచుకోవాలి?

నవంబరు వచ్చిందంటే బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఆఫీసు గ్రూపుల్లో ఒకటే మాట: "ఈసారి కేదార్‌కంఠ వెళ్దామా?" ఉత్తరాఖండ్‌లోని మంచు కొండ అది. డెహ్రాడూన్‌కు టికెట్లు బుక్ చేస్తారు, మంచి జాకెట్ కొంటారు, బూట్ల సంగతి చివరి వారానికి వదిలేస్తారు. మాది అనంతపురం. చలికాలం బూట్లు అనే వస్తువే మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అందుకే నేనూ మా బావమరిదీ మొదటిసారి వెళ్లినప్పుడు ఆ తప్పే చేశాం.

అతను కొన్న బూట్లు మామూలు సాక్సులతో కాలికి అతికినట్టు ఉండేవి. అక్కడ చలికి భయపడి వాటిలోనే రెండు జతల మందపాటి సాక్సులు వేసుకున్నాడు. శిఖరం ఎక్కే రోజు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, "బావా, వేళ్లు ఉన్నట్టే తెలియట్లేదు" అన్నాడు. గైడ్ అతన్ని బండ మీద కూర్చోబెట్టి, బూటు విప్పి, ఒక జత సాక్సులు తీసేసి, లేసు వదులుగా కట్టాడు. పావుగంట నడిచేసరికి వేళ్లు చురుక్కుమనడం మొదలైంది. సాక్సులు తగ్గిస్తే కాలు వెచ్చబడింది.

కాలికి వేడి తెచ్చేది రక్తం. ఆ వేడిని పోకుండా పట్టి ఉంచేది సాక్సు పోగుల మధ్య ఉండే గాలి. బూటు బిగుతైతే రక్తం సరిగ్గా రాదు, గాలికి చోటుండదు. రెండో శత్రువు తడి. గాలితో పోలిస్తే నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది కాలికి చోటు ఉందా అని, తర్వాత నీళ్లు ఆపుతుందా అని. లోపల వెచ్చని పొర ఎంత మందంగా ఉంది అన్నది ఆ తర్వాతి మాట.

మొదట, ఎక్కడికి వెళ్తున్నారో తేల్చుకోండి

కేదార్‌కంఠ ఉత్తరకాశీ జిల్లాలో, దాదాపు 12,500 అడుగుల ఎత్తున ఉంది. సాంక్రీ ఊరి నుంచి నడక మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరిలో దారంతా మంచు, రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోతుంది. అయినా పగలంతా నడుస్తూనే ఉంటాం, నడిచే కాలు తన వేడి తానే పుట్టించుకుంటుంది. ఇలాంటి ట్రెక్‌కు చీలమండ దాటే ఎత్తున్న వాటర్‌ప్రూఫ్ ట్రెకింగ్ బూటు, ఒక జత మంచి ఉన్ని సాక్సులు చాలు.

ఆన్‌లైన్‌లో వెతికితే విదేశీ వేట బూట్లు కూడా కనిపిస్తాయి. 400 గ్రాములు, 800 గ్రాములు అని రాసి ఉంటుంది. అది బూటు బరువు కాదు, లోపల వేసిన వెచ్చని పొర చదరపు మీటరుకు ఎంత బరువుందో చెప్పే లెక్క. మంచులో గంటల తరబడి కదలకుండా మాటు వేసి కూర్చునేవాళ్ల కోసం అవి తయారయ్యాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, కాబట్టి మనకు కావాల్సింది నడిచే బూటే. 800 గ్రాముల బూటు వేసుకుని కొండెక్కితే కాలికి చెమట పడుతుంది, సాక్సు తడుస్తుంది, ఆగిన పది నిమిషాల్లో ఆ తడే చల్లబడి కాలు కొరుకుతుంది. మీకు నిజంగా కాళ్లు త్వరగా చల్లబడే తత్వం ఉంటే 200 గ్రాముల రకం చూడండి, అంతకు మించి వద్దు.

షాపుకు సాయంత్రం వెళ్లండి

రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. ట్రెక్‌లోనూ అంతే. అందుకే సాయంత్రం వెళ్లాలి, ట్రెక్‌లో వేసుకోబోయే ఉన్ని సాక్సులు సంచిలో పెట్టుకుని వెళ్లాలి. షాపువాళ్లు ఇచ్చే పలచటి సాక్సుతో సైజు చూస్తే మా బావమరిది కథే.

ముందు బూటులోని లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి, సాక్సుతో దాని మీద నిలబడండి. మడమ వెనక అంచుకు ఆనాలి. ముందు, పొడవైన వేలి తర్వాత బొటనవేలి వెడల్పంత ఖాళీ కనిపించాలి. పక్కల నుంచి పాదం అట్ట దాటి పొర్లుతోందంటే ఆ బూటు మీది కాదు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. మనలో చాలామందికి చిన్నప్పుడంతా చెప్పులతో తిరిగిన అలవాటు, పాదం ముందుభాగం వెడల్పు. అలాంటివాళ్లు వెడల్పు రకం ఉందా అని అడగాలి, లేకపోతే వేరే కంపెనీ చూడాలి. సైజు పెంచితే పొడవు పెరుగుతుంది గానీ మడమ లోపల ఆడుతుంది, బొబ్బలు వచ్చేది అక్కడే.

తర్వాత లేసు కట్టుకుని నడవండి. సర్జాపూర్ రోడ్డులోని డెకాథ్లాన్ లాంటి పెద్ద షాపుల్లో వాలుగా ఉన్న చిన్న చెక్క పలక కనిపిస్తే దాని మీద దిగండి. లేకపోతే షాపు మెట్లే చాలు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి బూటు కొసకు కొట్టుకుంటే, కొండ దిగేసరికి గోళ్లు నల్లబడతాయి. ఎక్కేటప్పుడు మడమ పైకి లేస్తే బూటు కరుస్తుంది. మొహమాటపడకుండా పావుగంటైనా తిరగండి. రెండు పాదాల్లో ఒకటి పెద్దదిగా ఉండటం మామూలే, సైజు పెద్దదానికే చూసుకోండి.

వాటర్‌ప్రూఫ్ అన్న మాటను పరీక్షించండి

బూటు మీద గోర్‌టెక్స్ అనో, ఆ కంపెనీ సొంత పేరో రాసి ఉంటుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీని ఒక్కసారిగా గట్టిగా లాగితే అది తెగకుండా సాగి, కంటికి కనిపించని రంధ్రాలున్న పొరగా మారింది. నీటి బొట్టు ఆ రంధ్రాల్లో పట్టదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. ఇప్పుడు వస్తున్న చాలా వాటర్‌ప్రూఫ్ బూట్లలో ఇలాంటి పొరే ఉంటుంది.

పొర ఎంత మంచిదైనా నాలుక దగ్గర చూడటం మర్చిపోవద్దు. లేసుల కింద ఉండే నాలుక రెండు పక్కలా బూటుకు కుట్టేసి ఉండాలి, అదీ పై వరకు. సగం దాకే కుట్టి ఉంటే కరిగిన మంచు అక్కడి నుంచే లోపలికి వస్తుంది.

ఇంటికి తెచ్చాక, తిరిగి ఇచ్చే గడువు లోపలే ఇలా చేయండి. ముందు షాపువాళ్లను అడగండి, తడిసిన బూటు వెనక్కి తీసుకుంటారా అని. ఒప్పుకుంటే బాత్రూంలో వెడల్పు టబ్బు పెట్టి, బూటు లోపల టిష్యూ పేపరు పరిచి తొడుక్కుని, టబ్బులో చీలమండ కింది వరకు నీళ్లు పోసి, అందులో పది నిమిషాలు అడుగులు వేస్తూ నిలబడండి. అడుగు వేసినప్పుడే బూటు వంగే చోట కుట్లు నోరు తెరుస్తాయి. తర్వాత టిష్యూ తీసి వెలుతురులో చూడండి. ఒక్క చుక్క మరక ఉన్నా వెనక్కి ఇచ్చేయండి.

బూటు పైనుంచి వచ్చే మంచును ఏ పొరా ఆపలేదు. దానికి మోకాలి కింద తొడుక్కునే గైటర్లు కావాలి. చాలా ట్రెక్ సంస్థలు అవి, మంచు గడ్డ మీద జారకుండా బూటు కింద తగిలించుకునే మేకుల గొలుసు ఇస్తాయి. ముందే అడిగి పెట్టుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

సోల్ సంగతి

సోల్ రబ్బరుదై, గాళ్లు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే మంచు ఇరుక్కుని బూటు కింద అట్ట కడుతుంది. పసుపు గుర్తున్న వైబ్రమ్ సోల్ చాలా బూట్ల మీద చూస్తారు. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో విటాలె బ్రమాని అనే ఇటలీ పర్వతారోహకుడి వెంట వెళ్లినవాళ్లలో ఆరుగురు చనిపోయారు. వాళ్ల బూట్లు ఆ మంచుకు తగినవి కావు. ఆ దెబ్బతోనే ఆయన గాళ్ల రబ్బరు సోల్ కోసం పని చేసి 1937లో బయటికి తెచ్చాడు. బూటు మధ్యలో రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. గుడ్డ పిండినట్టు తిరిగిపోతే రాళ్లు అరికాలికి గుచ్చుకుంటాయి.

నెలన్నర ముందే కొనండి

కొత్త బూటు కాలికి నలగాలి. మొదటి వారం ఇంట్లో, ఆఫీసు మెట్ల మీద. తర్వాత శనివారం సుల్తాన్‌పేట నుంచి నంది కొండకు మెట్ల దారి. ఆ తర్వాత భుజాన బ్యాగు బరువుతో స్కందగిరి గానీ, సావన్‌దుర్గ గానీ. స్కందగిరికి అటవీ శాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎక్కడైనా మంటగా అనిపించగానే ఆగి, బొబ్బ లేవకముందే ఆ చోట మెడికల్ టేపు అంటించండి. ప్రతిసారీ ఒకేచోట కరిస్తే బూటు మార్చే టైము ఇంకా చేతిలో ఉంటుంది.

కాటన్ సాక్సులు కొండకు తీసుకెళ్లకండి. పత్తి చెమటను పీల్చి పట్టి ఉంచుతుంది, ఉన్ని తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. నాలుగు జతలు తీసుకెళ్లి, ఒక జత కేవలం పడుకునేటప్పుడు వేసుకోవడానికి దాచండి.

క్యాంపులో తడిసిన బూట్లను మంట దగ్గర పెట్టకండి, జిగురు ఊడుతుంది, తోలు పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి గంటకోసారి మార్చండి. రాత్రి బూట్లను పాలిథిన్ కవరులో చుట్టి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున్నే గడ్డకట్టిన బూటులోకి కాలు దూర్చే బాధ ఉండదు.

తిరిగొచ్చాక బురద కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి తగిలే చోట పెట్టండి. నా పాత జత ఆరేళ్లు అటక మీద కవరులో చుట్టేసి ఉండిపోయింది. చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయని వేసుకెళ్తే, సావన్‌దుర్గ బండ మీద సగం దూరంలో సోల్ మొత్తం రొట్టె ముక్కలా పొడిపొడిగా రాలిపోయింది. బూటు మధ్య పొరలో వాడే పాలీయూరథేన్ గాలిలోని తేమకు వాడకపోయినా లోలోపల పాడవుతుంది. అందుకే పాత బూట్లతో వెళ్లేవాళ్లు బయలుదేరడానికి నెల ముందే సోల్ పక్క అంచును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనిపించినా, వేలికి పొడి అంటినా కొత్త సోల్ వేయించడమో, కొత్త జత కొనడమో అప్పుడే తేల్చుకోండి.