పర్లాకిమిడిలో గెలేరా క్లస్టర్ పెట్టేముందు జాగ్రత్తలు

గెలేరా క్లస్టర్ అంటే ఒకే డేటాబేస్‌ని ఒకేసారి కొన్ని సర్వర్లలో సమానంగా ఉంచే ఏర్పాటు. ఒక్కో సర్వర్‌ని నోడ్ అంటారు. నోడ్లు మూడు ఉండాలి. రెండే ఉంటే, మధ్యలో కేబుల్ ఊడగానే దేనికీ మెజారిటీ (సగానికి మించిన నోడ్లు) ఉండదు, రెండూ పని ఆపేస్తాయి.

కరెంటు దగ్గర అస్సలు అశ్రద్ధ వద్దు. మూడింటినీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే మూడున్నా ఒకటే లెక్క. మాకు ఒక వానాకాలం రాత్రి అదే జరిగింది. బ్యాటరీ అయిపోయి మూడూ ఒక్కసారే ఆరిపోయాయి. లేపబోతే మూడింటి గ్రాస్టేట్ ఫైల్లోనూ (నోడ్ తన చివరి స్థితి రాసుకునే ఫైల్) సేఫ్-టు-బూట్‌స్ట్రాప్ ఎదురుగా 0, అంటే దీన్ని ముందు లేపడం క్షేమం కాదని; సీక్వెన్స్ నంబరు (చివరి మార్పు నంబరు) మైనస్ 1, అంటే తెలియదని! అలాంటప్పుడు ఎంత టెన్షన్‌గా ఉన్నా తొందరపడకండి. డబ్ల్యూస్రెప్-రికవర్ అనే ఆప్షన్‌తో ఒక్కో నోడ్ సీక్వెన్స్ నంబరూ కనుక్కుని, ఎక్కువున్నదాన్నే ముందు లేపండి. వెనకబడినదాన్ని లేపితే చివరి ఎంట్రీలు పోతాయి. ఈ కమాండ్లు ముందే కాగితం మీద రాసి ర్యాక్‌కి అతికించండి.

నోడ్ల మధ్య 4444, 4567, 4568 పోర్టులు (నెట్‌వర్క్ ద్వారాలు), అప్లికేషన్‌కి 3306 తెరవండి. బయటి ఇంటర్నెట్‌కి మాత్రం ఏదీ తెరవద్దు.

టేబుళ్లన్నీ ఇన్నోడీబీ అనే స్టోరేజ్ ఇంజిన్‌లోనే ఉండాలి, ప్రతిదానికీ ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే కాలమ్) ఉండాలి.

మన దగ్గర పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ వస్తాయి కాబట్టి మూడు నోడ్లలోనూ అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అక్షర సెట్ పెట్టి, రెండు లిపుల్లోనూ ఒక్కో పేరు ఎక్కించి చూడండి.

బ్యాకప్ వేరే మిషన్‌లో ఉంచండి. క్లస్టర్ బ్యాకప్ కాదు, ఒక నోడ్‌లో పొరపాటున చెరిపేస్తే మిగతా రెండింట్లోనూ పోతుంది.